నత్తి సీడీకి టూత్‌పేస్ట్

ప్లేనో ఊళ్లో ఉన్న రోజుల్లో మా పదహారేళ్ల అమ్మాయి కార్‌లో నాతో మాట్లాడటం మానేసింది. చెవుల్లో ఎప్పుడూ బ్రిటిష్ డాన్స్ పాటలే. ఎలాగైనా మాట్లాడించాలని ఆ సంగీతం మీద లైబ్రరీ నుంచి మూడు పుస్తకాలు తెచ్చి, నోట్సు రాసుకుని మరీ చదివాను. నాకు వచ్చిన విద్యంతా లైబ్రరీలు పెట్టిన భిక్షే, ఇదెంత అనుకున్నాను. లండన్ గరాజ్ అనే రకం పాటల్లో గాయని గొంతును ముక్కలుగా కోసి, శ్రుతి పెంచి అతికిస్తారని, గ్రైమ్ అనే ఇంకో రకంలో కుర్రాళ్లు ఊపిరి తీసుకోకుండా మాటలు దంచేస్తారని, తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే ఒక పాట్‌లక్‌లో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. మిత్రులు పులిహోర ప్లేట్లతో పక్క గదిలోకి పారిపోయారు.

ఇక వినడం ఒక్కటే మిగిలింది. ఒక గరాజ్ సీడీ తెచ్చి పెడితే, గాయని ఒకే అక్షరం దగ్గర ఇరుక్కుపోయి నత్తిగా కొట్టుకుంటోంది. లైబ్రరీ సీడీలకు గీతలు మామూలే కదా అని చొక్కా అంచుతో తుడిచాను, గీతలు పోతాయంటారని టూత్‌పేస్ట్ రాసి కడిగాను. లాభం లేక అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి, పాడైందని లైబ్రరీ కౌంటర్‌లో ఇచ్చాను. అక్కడి ఆవిడ కాసేపు విని, సీడీ బాగానే ఉందంది.

కార్ ఎక్కగానే అమ్మాయి పగలబడి నవ్వింది.

"డాడీ, సీరియస్లీ? వాయిస్ కట్ చేస్తారని ఆంటీలందరికీ నువ్వే కదా చెప్పావ్?"

"ఇంత ఘోరంగా కోస్తారని పుస్తకంలో రాయలేదమ్మా. గీతలనుకుని టూత్‌పేస్ట్ కూడా పెట్టి కడిగాను."

"టూత్‌పేస్ట్ పెట్టావా? ఓ మై గాడ్, ఫ్రెండ్స్ అందరికీ చెప్తా!"

దారంతా నా పరువు తీస్తూనే ఉంది. అయిదు నిమిషాల దారిని నేను ముప్పావుగంట డ్రైవ్ చేశాను.