రాగి రేడియేటర్ కోసం ఆగిన రోజు

ఎల్బీనగర్‌లో మా పక్కవాటాలో ఉండే ఆవిడా నేనూ ఒకరినొకరం వదినా అనే పిలుచుకునేవాళ్ళం. వాళ్ళది చౌటుప్పల్ దాటాక ఒక పల్లె. మాది కృష్ణా జిల్లా. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి.

"తెలంగాణ ఒస్తే మీ కారు మాకే ఇడిసి పోవాలె వదినా" అని ఏడిపించేది.

"దాని మరమ్మతులు కూడా మీరే చేయించుకోండి మరి" అనేదాన్ని. అలాంటి పొరుగు దొరకడం నాకు దేవుడిచ్చిన భాగ్యమే.

ఆ రోజుల్లోనే వాళ్ళమ్మకు జబ్బు చేసిందనీ, కూతుర్ని చూడాలంటోందనీ ఊరి నుంచి ఫోనొచ్చింది. బస్సులు సమ్మెలో ఉన్నాయి. వదిన భర్త బస్సు కండక్టరు, ఆయనా సమ్మె శిబిరంలోనే కూర్చున్నాడు. షేర్ ఆటోలు హయత్‌నగర్ దాటడం లేదు. మా కారులో తీసుకెళ్తానని మావారు మాటిచ్చారు. తీరా బండి తీస్తే రేడియేటర్ అడుగు నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. దారిపొడుగునా నీళ్ళు పోసుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ సందులో మెకానిక్ దగ్గరికి చేరాం. వదిన బట్టల సంచీతో మాతోనే వచ్చింది.

"ఇది పాతదై పూర్తిగ ఖరాబైంది సార్, ఇగ టంకం నిలువది. కొత్తది ఏసుడే" అన్నాడతను. షాపులో ఉన్నదొకటి తెచ్చి చూపించాడు. "గిది అల్యూమినియం. తేలిక, జల్ది సల్లబడతది. సాయంత్రంకల్ల బిగిస్త. పైన డబ్బా ప్లాస్టిక్, పలిగిందంటే మాత్రం పారేసుడే. మీ పాతదాని లెక్క రాగిదైతే బరువుంటది, కారినా టంకం పెట్టుకోవచ్చు, శానా ఏండ్లొస్తది. కానీ రేపు తెప్పియ్యాలె."

నేను బడికి పోలేదు, చదువంతా ఇంట్లో నాన్నగారి దగ్గరే. లోహాల సంగతి నాకు తెలిసింది దేవుడి గదిలోనే. రాగి చెంబు, ఇత్తడి కుందులు. సిల్వర్ గిన్నె అని మనం పిలిచే అల్యూమినియాన్ని మా ఇంట్లో పూజకు ముట్టనివ్వరు. నా చెయ్యి ఆ పాత రాగి రేడియేటర్ మీదే ఉండిపోయింది. వదిన అది చూసింది.

"రాగిదే ఏపియ్యి అన్నా" అంది మావారితో. "నా కోసమని పలిగేది ఏపిస్తవా ఏంది? మా అమ్మ గట్టి మనిషి. రేపు పోదాం."

మొహమాటానికి అన్నదని మా ఇద్దరికీ తెలుసు. కాదు, ఇవాళే వెళ్దామంటే, తన వల్ల మా బండికి తక్కువరకం పడిందని ఆమె బాధపడుతుందేమోనని మేమూ మొహమాటపడ్డాం. ముగ్గురం రాగికే తలూపాం.

మర్నాడు బంద్. షాపులన్నీ మూసేశారు. చౌరస్తాలో ఉద్యమకారులు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, దారి ఆపి వంటావార్పు చేస్తున్నారు. వదిన సంచీ విప్పకుండా గేటు దగ్గరే నిలబడింది. "బువ్వలు తిన్నంక తోవ ఇడుస్తరేమో" అంటూ చూసింది. తోవ ఇచ్చినా బండి మెకానిక్ దగ్గరే ఉంది. నేను లోపల దీపం పెట్టి కూర్చున్నాను.

ఆ మరుసటి రోజు బండి చేతికొచ్చింది. పల్లె చేరేసరికి వదిన తమ్ముడి భార్య వాకిట్లోనే ఎదురొచ్చింది.

"నిన్న పొద్దుగూకే దాక నిన్నే పిలిచింది వదినె. పొద్దున లేస్తే నోట మాట లేదు."

ముసలావిడకు ఊపిరి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. వదిన తల్లి పెదవుల దగ్గర చెవి పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది. వచ్చేటప్పుడు మావారికి దండం పెట్టి, "నువ్వు తోల్కొచ్చినవు కాబట్టి కండ్లతోనన్న చూసిన అన్నా" అంది. ఆయన వెళ్ళి కారు తలుపు తీశారు.

మెకానిక్ చెప్పింది నిజమే. కారు అమ్మేదాకా ఆ రేడియేటర్ చుక్క కారలేదు.

ఇప్పటికీ డాబా మీద వడియాలు పెడుతూ వదిన ఉన్నట్టుండి అంటుంది, "ఏదో చెప్దామనే పిలిచుంటది." ఊపిరి ఉండగా చూపించినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. వదిన వైపు మాత్రం పిండి గిన్నె జరుపుతాను.