కొమ్ము మీది గీతలు

పరాయి దేశంలో, బుకిట్ పంజాంగ్ వెళ్లే మెట్రో రైల్లో, తెల్లజుట్టు చూసి ఒక పెద్దాయనకు లేచి సీటిచ్చాను. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని ఆయన కూడా తెలుగులోనే పలకరించి, తన ఫోన్ తీసి, కిర్గిజ్ కొండల్లో తాను కాల్చిన అడవిమేక ఫోటో చూపించారు.

“ముసలి పోతునే కాల్చాలి బాబూ, అదీ రూల్. మా వేట లైసెన్స్ డబ్బుతోనే మిగతావాటిని కాపాడతారు. కన్జర్వేషన్!”

“ముసలిదని ఎలా తెలుస్తుందంకుల్?”

“కొమ్ము మీద గీతలు లెక్కపెడతాం.”

“కాల్చేముందా?”

“అంత దూరంనుంచి ఏం కనిపిస్తాయి? పడ్డాకే.” బొటనవేలు తడిచేసుకుని స్క్రీన్ తుడిచారు. “తీరా లెక్కపెడితే దీనికి ఐదేళ్లు కూడా లేవు. మూతి మీద రక్తం కడిగి, నాలుక లోపలికి తోసి ఫోటో తీశాం. ఇందులో వయసెవడికి తెలుస్తుందిలే!”

ఇప్పటికీ తెల్లజుట్టు కనిపిస్తే లేచి సీటిస్తాను. వాళ్ల మొహం మాత్రం చూడను.