మా బడి వద్దన్న ల్యాప్‌టాప్‌లు

తమిళనాట వాడిపట్టి దగ్గర మా ఊరి బడికి ల్యాప్‌టాప్‌లు తెచ్చిన ఆ పెద్దమనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోవాలని కూడా లేదు.

నేను ఆ బడిలో నాలుగో తరగతి టీచర్ని. ఊళ్ళో సగం ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు కానీ చదువంతా తమిళంలోనే. తెలుగు అక్షరాలు నాకే పెళ్ళయ్యాక పట్టుబట్టి నేర్చుకుంటే వచ్చాయి. అందుకే ఫోన్లో ముందే చెప్పాను, పాఠాలు తమిళంలో పెట్టమని. "అంతా మేం చూసుకుంటాం తల్లీ" అన్నాడాయన.

హైదరాబాదు నుంచి ముగ్గురు వలంటీర్లతో వచ్చాడు. చవకరకం ల్యాప్‌టాప్‌లే, కానీ పిల్లల ఒళ్ళో చక్కగా ఇమిడాయి. వాటిని చూసి నాకూ ఆశ పుట్టింది. మూతలు తెరిస్తే అన్నీ తెలుగు పాఠాలే.

ముందు వరసలో కూర్చున్న అమ్మాయిని చదవమన్నాడు. ఆ పిల్ల తెర వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది.

"ఇంట్లో ఏం మాట్లాడతావమ్మా?"

"తెలుంగే సార్. ఎళుత్తుదా తెలీదు."

అక్షరాలే రావని దాని అర్థం. ఆయన "ఎళుత్తుదా!" అని సాగదీసి నవ్వాడు. వలంటీర్లూ నవ్వారు. వాళ్ళలో ఫోన్‌తో వీడియో తీస్తున్న అమ్మాయి, "మళ్ళీ అను, ఇటు చూసి అను" అంది. పిల్ల తల వంచేసుకుంది.

"ఆ వీడియో తీసేయండి" అన్నాను.

"తప్పేముంది? మాతృభాష మరిచిపోయిన పిల్లలకి సాయం చేస్తున్నామని దాతలకి చూపించాలి కదా!" అన్నాడాయన.

"మరిచిపోయిందా? ఇంతసేపూ మీతో మాట్లాడింది ఏ భాష సార్?"

ఆయన మొహం మాడిపోయింది. తమిళం పెడితే తమ ఉద్దేశమే దెబ్బతింటుందన్నాడు. "వద్దంటే చెప్పండి, తీసుకునే ఊళ్ళు చాలా ఉన్నాయి" అన్నాడు.

"తీసుకుపోండి."

హెడ్మిస్ట్రెస్ నా చెయ్యి గట్టిగా గిల్లింది. నేను ఆగలేదు. పిల్లలు చూస్తుండగానే అన్నీ మళ్ళీ అట్టపెట్టెల్లోకి వెళ్ళాయి. ముందు వరస పిల్ల మాత్రం తనది రెండు చేతులతో పట్టుకునే ఉంది. చివరికి నేనే విడిపించి ఇచ్చాను.

హెడ్మిస్ట్రెస్ నెల రోజులు నాతో మాట్లాడలేదు. దానికి నేను బాధపడలేదు. వాళ్ళు వెళ్ళిన నాలుగు రోజులకి ఆ పిల్ల తల్లి బస్టాపులో నన్ను నిలదీసింది.

"నవ్వితే ఏమి టీచర్? నవ్వేసి పోయిందురు. ఆ ల్యాప్‌టాప్ పెట్టె ఈడే ఉండును గదా?"

"నీ కూతుర్ని ఎగతాళి చేసినారు. చూస్తా ఉండమంటావా?"

"నా కూతురు చానా ఓర్చుకుంటుంది. నీ రోషానికి దాని చేతిలోది ఎందుకు పెరుక్కుంటివి?"

అంతలో బస్సు వచ్చింది. ఆమె వెనక తలుపు వైపు వెళ్ళి ఎక్కింది.

ఆయన మళ్ళీ వస్తే మళ్ళీ పొమ్మనే అంటాను. కానీ ఆ ఏడాదంతా ఆ పిల్ల నా తరగతిలో చెయ్యెత్తలేదు. ఆ తల్లి ఇప్పుడు నేను తెలుగులో పలకరిస్తే తమిళంలో జవాబిస్తుంది.