నా వంతు వచ్చేదాకా

బడి నాకు నేర్పిన విద్యల్లో ఇప్పటికీ మర్చిపోనిది ఒక్కటే, గోడకుర్చీ. ఈ వయసులో గూడ బోధన్ బస్టాండుల బెంచీ దొరక్కపోతే గోడకానుకుని మోకాళ్లు వంచి నిలబడ్త. పక్కోడు నా కింద నిజంగనే కుర్చీ ఉందనుకుని తొంగి చూస్తడు. తొమ్మిదో తరగతి మధ్యల వదిలేసినోనికి ఆ మాత్రం పట్టా అన్న ఉండాలె గదా.

నవ్వుకోండి, నేనేమనుకోను. కాని ఆ గోడకుర్చీ ఎందుకు వేయించిండ్రో యాదికొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతది.

పంతొమ్మిదొందల అరవైల మాట. మా సోషల్ సారు పాఠం తాను చెప్పేవాడు కాదు, మాతోనే చదివించేవాడు. మొదటి బెంచీ మూల నుంచి మొదలు, ఒక్కొక్కడు లేచి ఒక్కో పేరా గట్టిగ చదవాలె. ఆయన కుర్చీల వెనక్కి వాలి కండ్లు మూసుకుని వినేవాడు. ముందున్నోడు లేస్తడు, చదువుతడు, కూర్చుంటడు. వంతు నా దిక్కు జరుగుతున్నకొద్దీ నా ముందర ఇంకెందరున్నరో లెక్కపెట్టుకునేటోన్ని. చదువు రాక గాదు. అదే పాఠం ఇంట్ల మా చెల్లెకు రాగం తీసి వినిపించేటోన్ని. క్లాసుల లేచి నిలబడితే మాత్రం నోరు తెరుస్త, గాలి వస్తది, మాట రాదు.

"రాదా? పో, గోడకు పో."

ఇగ తప్పించుకునుడు నేర్చిన. నీళ్లకు పోయేటోన్ని, ఒంటికి పోయేటోన్ని, పెన్సిలు కింద పడేసి బెంచీ కింద వెతికేటోన్ని. ఒకనాడు దోస్తుకు జామకాయ ఇచ్చి ఆఖరి బెంచీల జాగా కొనుక్కున్న. ఆ రోజే సారుకు ఆఖరి బెంచీ నుంచి మొదలుపెట్టాలని బుద్ధి పుట్టింది.

ఆ భయం బడి గంటతోని ఆగేదన్నా గాదు. రాత్రి అన్నం ముద్ద చేతులుంటే రేపటి పేరా గొంతుల ఉండేది. కన్నతల్లి గదా అని మా అవ్వకు చెప్పిన.

"అవ్వా, నా కడుపుల చెరుకు మర తిరుగుతున్నదే."

"ఎండల తిరుగకురా అంటె ఇనవు. యేడి చేసింది," అని బొడ్డుల ఆముదం పోసింది. తగ్గలేదంటే ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిల వేసింది. ఘాటు రాలేదు. "సూసినవా, ఎంత దిష్టి తగిలిందో," అని ఆమెకు తృప్తి.

"దిష్టి గాదే, భయమైతున్నది."

"మొగపోరనివి, భయమేంది? బడిల పులున్నదా?"

పులున్నా బాగుండు. పులికి భయపడ్డోన్ని మనిషంటరు. వంతుకు భయపడ్డోన్ని దొంగంటరు. జ్వరమొస్తే నుదురు ముట్టి చూసేటోళ్లున్నరు, పన్ను నొస్తే లవంగం పెట్టేటోళ్లున్నరు. చింతైతున్నదని చెప్పు, ఊరంతా ఒకటే మాట: "నీ వయసుల నీకేం చింతరా?" అంటే చింత పడాలన్నా ముందు మీసం రావాలె, పెండ్లి కావాలె, పొలం మీద తగాదా ఉండాలె. పద్నాలుగేండ్లోనికి ఆ భాగ్యం లేదు.

ఇగ చెరుకు సీజన్ వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందర చెరుకు బండ్ల లైను రోడ్డు పొడుగునా ఉండేది. మా బాపు బండి కూడ అండ్లనే. ఆదివారం నేను కూడ పోయేటోన్ని. అక్కడా వంతే, కాని అక్కడ దాని కోసం అందరు కండ్లల్ల ఒత్తులేసుకుని చూసేటోళ్లు. పొద్దు పోక నేను గేటు జవాన్ లెక్క నడిచి చూపెట్టేది, ఎడ్ల బేరగాని లెక్క మరాఠీ కొట్టేది. మా వెనక బండి ముసలి సాయెబు, "అరే, చెరుకు మీదికెక్కి చెప్పు బేటా, ఎనకోళ్లకు ఇనబడ్తలేదు," అనేటోడు. ఎక్కేటోన్ని. అంతమంది బండ్లోళ్ల ముందర గొంతు చించుకునేటోన్ని. కడుపుల చెరుకు మర తిరిగేది గాదు. అక్కడ తప్పు మాట్లాడితే నవ్వేటోళ్లు, ఆ నవ్వే నా కూలి. బడిల తప్పు మాట్లాడితే గూడ నవ్వేటోళ్లు, ఆ నవ్వే శిక్ష. ఇంత చిన్న తేడా అర్థం కావడానికి పెద్ద చదువు కావాల్నా?

ఒక ఆదివారం సాయంత్రం బండి మీద కండ్లు మూసుకుని మా సారు వేషమే కడ్తున్న. బండ్లోళ్లు నవ్వుడు ఆపేసిండ్రు. కండ్లు తెరిస్తే సైకిల్ పట్టుకుని సారే నిలబడ్డడు. తన వేషం కట్టినందుకు కొట్టినా బాధపడకపోదును. కొట్టలేదు. బాపును పక్కకు పిలిచిండు.

"నీ కొడుక్కు గొంతు లేదనుకున్ననయ్యా ఇన్ని దినాలు. ఇంత గొంతు పెట్టుకుని బడిల మూగనాటకం ఆడుతున్నడు."

అదీ నా కడుపు మంట. దినాలన్నీ భయంతో చచ్చి, వారానికొక్క పూట ఊపిరి పీల్చుకుంటే ఆ ఊపిరే నా మీద సాక్ష్యమైంది. నవ్వించేటోడు భయపడడని ఏ పుస్తకంల రాసున్నది?

తెల్లారి బాపు బండిని సాయెబుకు అప్పజెప్పి నాతోని బడికొచ్చిండు. భుజం మీది తువ్వాల తీసి చేతుల పట్టుకుని క్లాసు తలుపుకాడ నిలబడ్డడు.

"సదువుతడు సార్. నిన్న మీరే ఇంటిరి గదా. సదువు బిడ్డా, నేనున్న."

సారు పుస్తకం నా చేతికిచ్చిండు. ఆ రోజు వంతు గూడ లేదు, మొదలే నేను. నిలబడ్డ. బాపుకు అక్షరమ్ముక్క రాదు, అయినా నా దిక్కు చూసుకుంట పెదవులు కదిలిస్తున్నడు, నాకు బదులు తానే చదువుతున్నట్టు. వెనక ఎవడో కిసుక్కుమన్నడు. నా నోట్లెకెళ్లి మాట రాలే, పొద్దున తిన్న జొన్నరొట్టె వచ్చింది.

"చూసినవా, ఇది గూడ నాటకమే," అన్నడు సారు.

బాపు వచ్చి తువ్వాలతో నా మూతి తుడిచిండు. "నడు," అన్నడు. మళ్లా ఆ బడి మెట్లెక్కలేదు. ఆ సీజనంతా బండి తోలిన.

చాలా ఏండ్లకు, మీసమొచ్చి పెండ్లి గూడ అయినంక, అదే లైన్ల ఈ కథే చెప్పి బండ్లోళ్లను నవ్వించిన. జొన్నరొట్టె కాడ పొట్టలు పట్టుకున్నరు. బాపు ఒక్కడే నవ్వలేదు, ఎడ్లకు ఆకు వేస్తున్నడు. నాకు పాత మంట లేచింది.

"సారు మాట నమ్మినవ్, అవ్వకు నేను చెప్పింది ఎందుకు నమ్మలేదే బాపు? భయమైతున్నదా బిడ్డా అని ఒక్కపారి అడగకపోతివి."

బాపు తల గూడ ఎత్తలేదు.

"నువ్వు ఏడిస్తే అడుగుదునురా. ఇప్పుడు సూడు, గిది గూడ నవ్వుకుంటనే అడుగుతున్నవ్."