బొగ్గు గ్యాసు, కుడివైపు పువ్వు

మీరు నేర్చుకోబోయే పనికి రేపు కూడా గిరాకీ ఉంటుందని మీకు ఎవరు చెప్పారు? చెప్పినవాణ్ణి "నీకెలా తెలుసు?" అని ఒక్కసారైనా నిలదీశారా? లేదని నాకు తెలుసు. ఈ ప్రశ్న అడగనివాళ్ళకు పని నేర్పడంలోనే నా ఉద్యోగ జీవితం చాలా భాగం గడిచింది.

1942లో నన్ను బెంగళూరులోని ఒక శిక్షణ కేంద్రానికి ఇన్‌స్ట్రక్టరుగా వేశారు. అంతకు ముందు ఒక వర్క్‌షాపులో చార్జిమన్‌గా ఉండేవాణ్ణి. చార్జిమన్ అంటే ఫోర్‌మన్ కంటే ఒక మెట్టు కింద, పనివాళ్ళ కంటే ఒక మెట్టు పైన. యుద్ధానికి ఫిట్టర్లు కావలసి వచ్చారు. ఇనుము ముట్టి ఎరగనివాళ్ళను కొద్ది నెలల్లో ఫిట్టర్లను చేయడం మా పని. మొదట అందరి చేతికీ ఆకురాయి ఇచ్చేవాళ్ళం. ఇనుప ముక్కను చదరంగా అరగదీసి, మరో ముక్కలో తొలిచిన కంతలో దాన్ని కూర్చాలి. దీపానికి అడ్డంగా పెడితే సందులోంచి వెలుగు కనబడకూడదు. ట్రేడ్ టెస్టు అంటే అదే. అందులో నెగ్గినవాళ్ళు ఆ పైన ఒక ప్రత్యేకమైన పని ఎంచుకోవాలి.

ఆ రోజుల్లో అందరి కన్నూ బొగ్గు గ్యాసు మీదే. పెట్రోలుకు కూపన్లు పెట్టారు. బస్సులూ లారీలూ ఆగిపోకుండా వెనకవైపు నిలువెత్తు ఇనుప పీపా బిగించేవారు. అందులో బొగ్గు పోసి అడుగున మంట పెడితే పుట్టే గ్యాసును వడగట్టి, చల్లార్చి ఇంజనుకు పంపేవారు. వడపోత సరిగా లేకపోతే ఇంజను పాడవుతుంది. అతుకుల్లో సందు ఉంటే వాసన లేని విషవాయువు బయటికి వస్తుంది. అందుకే బిగించేవాడికీ, శుభ్రం చేసేవాడికీ చేతినిండా పని. నౌకరీ అక్కర్లేదు, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పిలిచిన షెడ్డుకు పోతే చాలు. కె.ఆర్.పురం దగ్గర మద్రాసు రోడ్డు పక్కన బస్సుల వాళ్ళు ఫిట్టరు కోసం వరసలో నిలబడి ఉండేవారు.

నరసింహులు నా దగ్గరికి వచ్చింది అప్పుడే. ఊళ్ళోనే నగర్తపేటలో పట్టుచీరలు నేసే కుటుంబం అతనిది. ఇంట్లో రెండు గుంత మగ్గాలు. యుద్ధంతో జరీ రావడం నిలిచిపోయి మగ్గాలు వారంలో సగం రోజులు ఖాళీగా ఉండేవి. చూపు పక్కకు తిప్పి మాట్లాడుతూనే తెగిన పట్టుపోగును ముడివేయగల వేళ్ళు అతనివి. ట్రేడ్ టెస్టులో అతని ముక్కలోంచి వెలుగు రాలేదు. నేను అతన్ని మోటారు వైండింగు నేర్చుకోమన్నాను. కాలిపోయిన కరెంటు మోటారులోంచి పాత రాగితీగ తీసేసి కొత్త తీగ చుట్టే పని అది. పిండిమిల్లులూ నీటి పంపులూ ఉన్నంతకాలం మోటార్లు కాలుతూనే ఉంటాయి. పైగా తీగ చుట్టడం పోగు చుట్టడానికి దగ్గరి చుట్టం. అయితే అప్పుడు రాగితీగ దొరకడం కష్టం, మొదట్లో ఆదాయం తక్కువ. ఆ మాట కూడా దాచకుండా చెప్పాను.

అతను తల గోక్కున్నాడు. "తీగ చుట్టుకుంటా కూర్చుంటే మగ్గమే నయం కద సార్. బొగ్గు గ్యాసుకైతే ఊరంతా పిలుస్తాండాది."

"పిలిచేది నిన్ను కాదు, పెట్రోలు కొరత పిలుస్తోంది. పెట్రోలు తిరిగొస్తే?"

"యుద్ధం యాడ ముగుస్తాది సార్ ఇప్పుడే!"

మొదలైనది ముగియక తప్పదన్నాను. నా వాదన బలంగానే ఉందనుకున్నాను. అతను మర్యాదగా విని, సరే, శుక్రవారం అమ్మవారి గుడిలో పువ్వు అడుగుతామన్నాడు.

పువ్వు అడగడం ఆ పక్క నేతవాళ్ళలో, వ్యాపారుల్లో గట్టి ఆచారం. పెళ్ళి సంబంధానికీ, ఇల్లు కొనడానికీ, పడుగు మొదలెట్టడానికీ అదే. విగ్రహం రెండు భుజాల మీదా తడిపిన పువ్వులు అంటిస్తారు. మనసులో కోరిక చెప్పుకుని కూర్చుంటారు. కుడివైపు పువ్వు ముందు పడితే సరేనన్నట్టు, ఎడమది పడితే వద్దన్నట్టు. నన్ను కూడా రమ్మన్నాడు. వెళ్ళాను. దండం పెట్టడానికి కాదు, చూడటానికి.

చూశాను. గర్భగుడిలో వేలాడే దీపం ఒక్కటే, విగ్రహం కుడి భుజానికి దగ్గరగా. ఆ సెగకు అటువైపు తడి ముందు ఆరుతుంది, అటు పువ్వే ముందు రాలుతుంది. ఇంత చిన్న సంగతి కనిపెట్టడానికి శాస్త్రం చదవనక్కర్లేదు, తడిబట్ట ఆరేసినవాళ్ళెవరైనా చెప్పగలరు. పూజారితో మెల్లగా అన్నాను, దీపాన్ని ఎడమవైపు పెట్టి మళ్ళీ అడగమని. ఆయన నన్ను చెప్పులతో లోపలికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు.

నరసింహులు భార్య గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏం సామీ, అమ్మోరికి కూడా ట్రేడ్ టెస్టు పెడతారా?"

"పెడితే తప్పేముందమ్మా? నిజమైతే నెగ్గుతుంది కదా."

"ఆ దీపం ఆడ పెట్టించింది కూడా అమ్మోరే కదప్పా," అన్నాడు వెనక నుంచి ఎవరో ముసలాయన. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. అంతలో కుడి పువ్వు రాలింది. గంగమ్మ ఆ పువ్వును కళ్ళకద్దుకుని, "సుమ్నె ఊరుకోండి సామీ. మగ్గం గుంతలో కాళ్ళు దిగేసుకోని మా మామ పోయె, మా అత్త పోయె. ఈయన్నన్నా పైకి రానీండి," అంది. ఆమె కోరిక న్యాయమైనది. దాన్ని తీర్చడానికి ఎంచుకున్న దారే గుడ్డిది.

ఆ నెలలోనే రెండు మగ్గాలూ అమ్మేశారు. వచ్చిన దానితో పనిముట్లు కొని, రోడ్డు పక్కన రేకుల కొట్టు వేశాడు. పని బాగా సాగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఒకసారి మా కేంద్రానికి వచ్చి, మసి పట్టిన చేతులు చూపించి, "పువ్వు గెలిచింది సార్," అని నవ్వి పోయాడు. అప్పటికి అతని పక్కనే మరో కొట్టు వెలిసింది. దాని పక్కన ఇంకొకటి. వంటపని మానినవాడు, గుమాస్తాగిరీ వదిలినవాడు, అందరూ బొగ్గు గ్యాసు ఫిట్టర్లే.

గుడిని మాత్రమే తిట్టి ఊరుకుంటే అది సగం నిజం అవుతుంది. మా ఆఫీసు కూడా తన పువ్వు తాను అడుగుతూనే ఉంది. యుద్ధం ఏ వైపు తిరుగుతోందో పత్రిక చదివే ప్రతివాడికీ తెలిసిన రోజుల్లో, గ్యాసు ప్లాంటు తరగతులు తగ్గించి వైండింగు పెంచమని సూపరింటెండెంటుకు రాశాను. ప్రస్తుతం గిరాకీ ఉంది గనుక మార్చే అవసరం లేదని జవాబు వచ్చింది. పైనుంచి వచ్చిన ఉత్తర్వు రద్దు కాలేదు, కాబట్టి తరగతులు ఆగలేదు. గుడిలో దీపాన్ని జరపనివ్వరు, ఆఫీసులో సర్క్యులరును ప్రశ్నించనివ్వరు. రెండు చోట్లా భక్తే. రెండు చోట్లా నష్టపోయింది నరసింహులు వంటివాళ్ళే.

యుద్ధం ముగిసింది. పెట్రోలు ఒక్కసారిగా రాలేదు, కొద్దికొద్దిగా వచ్చింది. అదే ఎక్కువ మోసం చేసింది. ఇవాళ కాకపోతే రేపు పని వస్తుందని వాళ్ళు కొట్లు తెరిచే కూర్చున్నారు. బస్సుల వాళ్ళు పీపాలు విప్పి పాత ఇనుము కింద తూకానికి వేశారు. నేర్చిన చేతులను ఎవరూ తూకానికి కూడా తీసుకోలేదు. పెద్ద కార్ఖానాలు అప్పటికే పనివాళ్ళను తీసేస్తున్నాయి. నరసింహులు గేటు దగ్గర నిలబడి తిరిగి వచ్చేవాడని విన్నాను.

కొంతకాలానికి నగర్తపేటలో అతని మగ్గాలు కొన్నాయన ఇంటికి వేరే పని మీద వెళ్ళాను. వసారాలో మగ్గం చప్పుడు. గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నది నరసింహులే. అతను అమ్మిన మగ్గమే అది. ఇప్పుడు దాని మీద కూలికి నేస్తున్నాడు. పక్కన గంగమ్మ కండెలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. మగ్గం పక్కనే కూర్చున్నాను. అతనే దగ్గి, గొంతు సవరించుకుని, కొంచెం ఉత్సాహంగా అన్నాడు:

"ఇప్పుడు రేడియో రిపేరీకి భలే గిరాకీ ఉండాది సార్. నేర్చుకుందామని ఉండాము. పోయిన శుక్రారం పువ్వు అడిగినాము."

"ఏ వైపు పడింది?"

"కుడికే పడె సార్."

గంగమ్మ తల ఎత్తకుండా, "దీపం ఆడనే ఉండాది సామీ, ఎవురూ జరపలే," అంది. ఈసారి నవ్వలేదు.

రేడియో రిపేరు చెడ్డ పని కాదు. దానితో అతను బాగుపడే అవకాశం కూడా ఉంది. కానీ బొగ్గు గ్యాసు తనను ఎందుకు ముంచిందో అతను అప్పటికీ అడగలేదు. రేడియో తనను ఎందుకు తేలుస్తుందో కూడా అడగలేదు. మళ్ళీ అదే గుడిలో కూర్చుని పువ్వు రాలే వరకు చూశాడు. అన్నీ పోయాక కూడా మనిషి ప్రశ్న నేర్చుకోడని ఆ రోజు నాకు అర్థమైంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగం నన్ను ఆ రోజు కుంగదీసినంతగా మరెప్పుడూ కుంగదీయలేదు.

ఆ వ్యవహారం నాకు నేర్పింది ఇది. గిరాకీ అనేది ఒక కొరతకు నీడ. కొరత తీరగానే నీడ పోతుంది. ఏ కొరత మీద మీరు బతకబోతున్నారో, అది ఎన్నాళ్ళుంటుందో తెలుసుకోకుండా నేర్చిన పని ఎంత బాగా వచ్చినా మిమ్మల్ని కాపాడదు.

కనుక పని నేర్పేవాడి దగ్గరికి పోకముందు, ఆ పనికి డబ్బిచ్చేవాడి దగ్గరికి పోండి. నీకు ఈ పని ఎందుకు కావలసి వచ్చింది, ఏం జరిగితే అక్కర్లేకుండా పోతుంది అని మొహం మీదే అడగండి. జవాబు దొరికేదాకా మీ మగ్గం అమ్మకండి. మీ గుడిలో దీపం ఏ వైపు ఉందో ఇవాళే వెళ్ళి చూడండి. చూసి, మీ చేత్తో జరపండి.