ఒకరు దిగితే అందరూ దిగాలి

పోయిన ఆదివారం పొద్దున్న కొల్లేటి పక్కన చేపల చెరువు గట్టు మీద సైకిలు తొక్కుతున్నాను. రాత్రంతా వాన పడి అప్పుడే తెరిపిచ్చింది. చేపలకి వేసే నానిన తవుడు వాసనా బురద వాసనా కలిసి ముక్కుకు కొడుతున్నాయి. వెనకనుంచి సన్నటి రొద వినపడింది. చూసేలోపే లావు టైర్ల ఎలక్ట్రిక్ సైకిలు మీద ఎవరో కొత్తాయన నన్ను దాటుకుని, బురదని చీల్చుకుంటూ వెళ్ళిపోయాడు. నవ్వుతూ చెయ్యి కూడా ఊపాడు, పాపం. ఆయన తప్పేం లేదు. కానీ ఆ రొద వింటే ఇప్పటికీ నాకు మనసు చేదైపోతుంది. సత్యవతి మేడమ్ గుర్తొస్తారు.

ఆవిడ తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. పొట్టి మనిషి, గట్టి మనిషి. సల్వారు మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా వేసుకుని, గేర్ల సైకిలు మీద గట్లమ్మటా గుట్టలమ్మటా తిరిగేవారు. అరవై దాటిన ఆడమనిషికి ఇదేం సరదా అని చాటున నవ్వినవాళ్ళలో ఎవరూ ఆవిడ వెనక ఒక మైలు తొక్కలేరు. నేను ఏలూరులో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తూ, నడుంనొప్పికి మంచిదని ఎవరో అంటే సైకిలు కొని ఆవిడ జట్టులో చేరాను. జట్టంటే పెద్దదేం కాదు. ఆవిడ, వాళ్ళ ఊళ్ళోనే మందుల షాపు నడిపే మూర్తి గారు, ఆకివీడు వైపు చేపల చెరువులున్న ప్రసాద్ గారు, నేను.

మొదటి రోజే బురదలో ఇరుక్కున్నాను. ఈ గట్ల మీది నల్లమట్టి సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. తడిస్తే చక్రానికి ముద్దలు ముద్దలుగా చుట్టుకుని, చక్రం ఇక తిరగనంటుంది. సిగ్గుతో చచ్చిపోతూ, "మీరు వెళ్ళండి, నేనొస్తాను" అన్నాను. తలెత్తి చూస్తే ముగ్గురూ సైకిళ్ళు దిగి నిలబడి ఉన్నారు. వాళ్ళ చక్రాలు బాగానే తిరుగుతున్నాయి.

"ఒకరు దిగితే అందరూ దిగాలమ్మా. ఇక్కడ రూలు అదొక్కటే," అన్నారు మేడమ్. సంచిలోంచి అరచేతి పొడుగు తాటిమట్ట ముక్క తీసి, ఒంగుని నా చక్రం గీకడం మొదలుపెట్టారు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మేం ఆదివారం ఆదివారం రెండూ చేస్తామండీ," అన్నారు మూర్తి గారు. ఆ రోజు గట్టు చివరిదాకా నలుగురం నడిచాం. నాకోసం బళ్ళోగానీ ఆఫీసులోగానీ ఎవరూ అలా ఆగింది లేదు. ఇంటికెళ్ళి స్నానం చేస్తూ ఎందుకో ఏడ్చాను.

కొన్నాళ్ళకి ప్రసాద్ గారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఎలక్ట్రిక్ సైకిలుతో వచ్చారు. ఇడ్లీ హోటల్లో పెద్ద రభస అయింది.

"మోటారుంటే అది బండే కదండీ. దానికి తొక్కుడెందుకూ, ఈ సైకిలు టోపీ ఎందుకూ?" అన్నారు మూర్తి గారు. "ఆ బరువుకి గట్ల అంచులు కుంగిపోతాయి. రేపు చెరువులవాళ్ళు మనల్ని కూడా రానివ్వరు."

"చెరువులవాణ్ణి నేనేనండీ బాబూ! మోకాలు పోయినవాడు ఇంట్లో కూర్చుని గోడలు చూడాలా? ఇదీ తొక్కాలి, తొక్కితేనే సాయం చేస్తుంది."

మేడమ్ చట్నీ అంతా తుడిచి తిని తలెత్తారు. "మోటారు పాపమేం కాదండీ. పక్కవాడి ఆయాసం దానికి వినపడదు. నా గొడవల్లా అదే," అన్నారు. "తెచ్చుకోండి. దిగడం మాత్రం మర్చిపోకండి."

ప్రసాద్ గారు మర్చిపోయారు. ద్వారకాతిరుమల అవతల ఎర్రగుట్ట ఎక్కేటప్పుడు మేం రొప్పుతూ నడుస్తుంటే, ఆయన ఎప్పుడో పైకెళ్ళి అక్కణ్ణించి మాకు ఫోటోలు తీస్తున్నారు. మేడమ్ ఏమీ అనలేదు. ఆ అనకపోవడానికే ఆయన మొహం మాడిపోయింది. తరవాతెప్పుడూ మర్చిపోలేదు.

ఆ ఏడు చలికాలంలో మేడమ్‌కి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయనీ, ఇది తగ్గేది కాదనీ డాక్టరు చెప్పాడు. అయినా వచ్చేవారు. కాస్త దూరం తొక్కి దిగేవారు. మేమూ దిగేవాళ్ళం. మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగేవారు. ఒకరోజు మూర్తి గారు షాపు తెరవాలని గడియారం చూసుకున్నారు. అందులో ఏ దురుద్దేశమూ లేదు. కానీ ఆవిడ చూశారు. ఆ పై ఆదివారం నుంచి రావడం మానేశారు.

నేను తాడేపల్లిగూడెం వెళ్ళాను. వరండాలో సైకిలుకి దుప్పటి కప్పి ఉంది.

"నా ఒక్కదాని కోసం మీరందరూ నడుస్తున్నారమ్మా."

"మీరు పెట్టిన రూలే కదండీ."

"పెట్టినప్పుడు దిగేది నేను కాదుగా!" అని నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక, "గూడబాతులు వచ్చాయా?" అని అడిగారు.

ఏటా చలికాలంలో కొల్లేటికి వలసొచ్చే పెద్ద పక్షులవి. వచ్చాయని చెప్పాను. ప్రసాద్ గారి ఎలక్ట్రిక్ సైకిలు ఎక్కి ఒక్కసారి రమ్మన్నాను. నేను మొండిదాన్ని, ఆవిడ ఒప్పుకునేదాకా లేవలేదు. మళ్ళీ చలికాలానికి ఆవిడ ఉండరని ఇద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం మబ్బుగా ఉంది. ముందురోజు అకాలవాన పడి గట్టు తడిగా ఉంది. మేడమ్ మొదట భయంభయంగా తొక్కారు. కాసేపటికి వీపు నిటారుగా అయింది, చొక్కా గాలికి ఉబ్బింది. దగ్గు లేదు. సగం దూరంలో నా చక్రానికి మట్టి చుట్టుకుంది. దిగాను. మూర్తి గారు దిగారు. ఆ రోజుకి మామూలు సైకిలు మీద వచ్చిన ప్రసాద్ గారూ కుంటుకుంటూ దిగారు.

మేడమ్ దిగలేదు.

ఆవిడకి తెలియదు. బురదలోంచి ఆ మోటారు ఆవిణ్ణి లాక్కుపోతూనే ఉంది. పక్క చెరువులోంచి గూడబాతులు బరువుగా లేస్తుంటే ఆవిడ మొహం అటు తిప్పి, చిన్నపిల్లలా చూసుకుంటూ వెళ్ళిపోతున్నారు. నేను కేకెయ్యబోయాను.

"పిలవకండి," అన్నారు ప్రసాద్ గారు మెల్లగా. "పోనివ్వండి ఆవిణ్ణి."

మూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముగ్గురం కదలకుండా నిలబడి ఆ వీపునే చూశాం. ఆవిడ అంత సుఖంగా ఉండగా నేను చూసింది అదే ఆఖరు.

గట్టు చివర ఆగి వెనక్కి తిరిగారు. దూరంగా సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డ మమ్మల్ని చూశారు. మోటారు ఉన్నదే, ఎక్కి వెనక్కి రావచ్చు. రాలేదు. దిగి, ఆ బరువు సైకిలుని బురదలో తోసుకుంటూ, నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ మా వైపు నడవడం మొదలుపెట్టారు. మేం సైకిళ్ళు అక్కడే పడేసి పరిగెత్తాం. చేరేసరికి ఆవిడ పెదవులు నల్లబడ్డాయి.

"చెప్పానా... దానికి వినపడదని," అన్నారు. కూర్చోబెడితే, సంచిలోంచి తాటిమట్ట ముక్క తీసి నా చేతిలో పెట్టారు.

మళ్ళీ సైకిలెక్కలేదు. వానలు మొదలయ్యాక పోయారు.

పోయిన ఆదివారం ఆ కొత్తాయన దాటిపోయాక వెనక్కి చూస్తే, నాతో వచ్చిన మూర్తి గారు బురదలో ఇరుక్కుని ఉన్నారు. పెద్దవారైపోయారు. "మీరు వెళ్ళండమ్మా, నేనొస్తాను," అన్నారు. నేను దిగి, సంచిలోంచి ఆ మట్టముక్క తీసి ఆయన చక్రం గీకాను. ఆవిడ నేర్పింది అదే, నా కాళ్ళాడినంతకాలం అది పోదు. కానీ గీకుతున్నంతసేపూ నా కళ్ళు గట్టు చివరికే పోతున్నాయి. ఆ ఒక్కరోజూ ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండా ఉంటే ఎంత బాగుండేది.