తోడు వెళ్లిన రోజు

వ్యాసర్పాడిలో మా ఎదురింటి అక్క రాయపురంలో చేపలు కోసి అమ్మేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఆ చేతిని ఎప్పుడూ కొంగు కింద దాచుకునేది. ఎవరైనా పలకరిస్తే, "నాకేమి, మహారాణి మాదిరి ఉండా" అని నవ్వేది. రోజూ పొద్దున్నే తలుపు మూసి ఆవిడకు చీర కట్టి, జడ వేసేది మాత్రం నేనే.

వికలాంగుల పింఛను వస్తే ఎవరి పంచనా చేరకుండా బతకొచ్చని ఆవిడ ఆశ. అప్లికేషన్ నేనే నింపాను. సర్టిఫికెట్ కోసం ఆస్పత్రికి రమ్మన్న రోజు, "నువ్వూ రామ్మా" అంటే ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను.

అక్కడ వరండా నిండా జనం. చీర మీరే కట్టుకుంటారా, తల మీరే దువ్వుకుంటారా అని డాక్టరు తమిళంలో అడిగాడు. అక్క నిటారుగా కూర్చుని, అన్నీ నేనే చేసుకుంటానంది. డాక్టరు నావైపు చూశాడు. అక్క కూడా చూసింది. అంతమందిలో ఆవిడ పరువు తీయడం ఇష్టంలేక, నేను అవునన్నట్టు తలూపాను.

పింఛనుకు సరిపడేంత వైకల్యం లేదని కాగితం వచ్చింది. మళ్లీ పెడదామని ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. నెల తిరక్కుండానే ఇల్లు ఖాళీ చేసి, ఎన్నూరులో తమ్ముడి దగ్గరికి బయల్దేరింది. సామాను ఆటోలో పెట్టాక నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఆడ నువ్వన్నా చెప్పకూడదా? నా నోటికి రాదనే గదమ్మా నిన్ను పిలుచుకోని పోయింది."